తయారు చేసినది: అమ్మ

అమ్మట! స్కూలు వంటల పోటీలో పదకొండో నంబరు బల్ల వెనక నిలబడి అతను ఆ అట్టముక్కను ఎనిమిదోసారి చదివాడు, ఎనిమిదిసార్లూ అదే మాట ఉంది, కళ్ళు నులుముకున్నంత మాత్రాన అక్షరాలు మారిపోవు కదా. పైన వంటల పేర్లు: పప్పూ కూరగాయలూ వేసిన చిక్కటి సూపు, కాల్చిన బంగాళాదుంపలు, బ్రెడ్డు పుడ్డింగు. కింద నీలం స్కెచ్ పెన్నుతో గుండ్రంగా, పొందికగా, తయారు చేసినది: అమ్మ. పక్కన ఒక పువ్వు బొమ్మ కూడాను. ఏ అమ్మ? ఎక్కడి అమ్మ? ఆ అమ్మగారు రాత్రంతా ఆసుపత్రిలో నర్సు డ్యూటీ చేసొచ్చి, ముఖం మీదికి దుప్పటి లాక్కుని, ఈ క్షణాన ఇంట్లో ఒళ్ళెరగని నిద్రలో ఉంది, ఈ గిన్నె మూత తీసి వాసన కూడా చూడలేదు ఆవిడ. బస్సు డిపోలో సగం రోజు సెలవు అడిగి ఫోర్‌మన్ చేత నాలుగు మాటలు పడ్డదెవరు, పదకొండింటి నుంచి పొయ్యి ముందు నిలబడ్డదెవరు, పుడ్డింగు పొంగి అంచు దాటుతుందేమోనని పొట్టి స్టూలు వేసుకుని ఓవెన్ అద్దంలోకి నలభై నిమిషాలు కళ్ళప్పగించి కూర్చున్నదెవరు? సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా పెద్దవాళ్ళు. పోనీ రాసింది పరాయివాళ్ళా అంటే అదీ కాదు, కన్నకూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల, అతను నోరారా పిడుగు అని పిలుచుకునే పిల్ల. బల్ల మీద అట్ట పెట్టేసి, అతని ముఖం వైపు చూడకుండా, తుర్రుమని వెళ్ళి ఎదురు గోడ పక్కన పిల్లల బెంచీ మీద కూర్చుంది. జడ్జిగారు వచ్చేదాకా పిల్లలు బెంచీ దిగకూడదు, పెద్దవాళ్ళు బల్ల వదలకూడదు, అది రూలు. గోడ గడియారంలో నాలుగయింది. జడ్జి ఒకటో నంబరు బల్ల దగ్గర ఉంది. పదకొండుకు రావాలంటే ఎంత లేదన్నా గంట.

గంటసేపు అలా ఉడుకుతూ నిలబడాలన్నమాట. హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కొత్తగా తుడిచిన నేల ఫినాయిలు వాసన, దాని మీద పద్దెనిమిది రకాల వంటల వాసన, రెండూ కలిసి ముక్కుకు ఏదీ తెలియడం లేదు. పద్దెనిమిది బల్లలు, పదిహేడు మంది ఆడవాళ్ళు, తనొక్కడూ. ఉండరు మరి! ఇంటికి పంపిన కాగితంలోనే ఉంది సంబడమంతా: మాతృమూర్తులకు విజ్ఞప్తి, సాదాగా, ఆరోగ్యంగా, ఇంట్లో చేసిన రాత్రి భోజనమూ ఒక తీపీ తీసుకురాగలరు. మాతృమూర్తులకట. పెన్ను తీసి దాని కింద పితృమూర్తులకు కూడా అని రాసి తిరిగి పంపాడు, క్లాసు టీచరమ్మ దాన్ని చదివిందో, చెత్తబుట్టలో వేసిందో. అది చాలదన్నట్టు పన్నెండో బల్లావిడ ఇందాకటినుంచీ మెడ సాచి ఇటే చూస్తోంది. "అమ్మగారు రాలేదాండీ?" అంది చివరికి. రాలేదండి, అన్నాడు. "అయ్యో పాపం, ఇంత చేసి రాలేకపోయారా! మీకెంత ఓపికండీ, ఇంత దూరం మోసుకొచ్చారు." మోసుకొచ్చారు! అరికాలి మంట నెత్తికెక్కింది. అతను మోసుకొచ్చినవాడు, అంతే, ఆటో వాడికీ అతనికీ తేడా లేదు. మోసుకొచ్చింది నేనే, చేసింది కూడా నేనే అని నాలుక చివరిదాకా వచ్చింది, కానీ ఎదురుగా అట్ట ఉంది, అట్ట మీద కూతురి చేతిరాత ఉంది. కాదంటే పిల్ల అబద్ధం రాసిందని పదిమందిలో తనే చెప్పినట్టు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అందుకని పళ్ళు బిగించి ఒక నవ్వు నవ్వాడు, ఆవిడ బల్ల మీది మూడంతస్తుల కేకు వైపు చూశాడు. కేకు అడుగున బేకరీ వాళ్ళ జాలరు కాగితం అంచు అంగుళం మేర బయటికి కనిపిస్తోంది, ఆవిడ అట్ట మీద కూడా తయారు చేసినది అమ్మ అనే ఉంది. ఆహా, ఏం అమ్మలమ్మా! వండిన అమ్మ లేదు, వండని అమ్మలున్నారు, వండిన నాన్న మాత్రం కూలీవాడు.

అసలు ఆరేళ్ళ కిందట అతనికి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు, ఆ మాట ఎవరి ముందైనా ఒప్పుకుంటాడు, సిగ్గేముంది. ఆవిడకు రాత్రి డ్యూటీలు పడ్డాయి, సాయంత్రం ఏడింటికల్లా ఇల్లు దాటాలి, మూడేళ్ళ పిల్ల ఒళ్ళో కూర్చుని ఆకలీ అంటే అతను బిస్కెట్ల డబ్బా ఇచ్చేవాడు. నాలుగో రోజు ఆవిడ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "ఏమండోయ్ మెకానిక్కు గారూ, చప్పుడు వినే ఇంజన్ రోగమేంటో చెప్పేస్తారు కదా, గిన్నె చప్పుడు వినలేరా మీరు?" అని వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాట పట్టుకున్నాడు. నిజంగానే గిన్నె మాట్లాడుతుంది. నీళ్ళు పలచగా ఉన్నప్పుడు గలగలా అంటుంది, పప్పు మెత్తబడ్డాక గొంతు తగ్గిస్తుంది, అడుగంటే ముందు ఒక్క అర నిమిషం నోరు మూసుకుంటుంది, అప్పుడు పరుగెత్తాలి. మొదటి నెలంతా మాడు. పిల్ల ముక్కు ఎగరేసి పళ్ళెం అవతలికి తోసేసేది, నాన్నా నల్లగా ఉంది అనేది. రెండో నెల తినడం మొదలుపెట్టింది. పుడ్డింగుకైతే ఏడుసార్లు పాలు విరిగి గుడ్డు తునకలు తునకలైపోయింది, ఎనిమిదోసారి బుర్రలో లైటు వెలిగింది, నీళ్ళు లేని రేడియేటరుతో ఏ బండైనా ఎంత దూరం పోతుంది? పుడ్డింగు పళ్ళేన్ని వేడినీళ్ళు పోసిన పెద్ద పళ్ళెంలో కూర్చోబెట్టి ఓవెన్‌లో పెట్టాడు. పొద్దున డ్యూటీ దిగి వచ్చిన ఆవిడ నిలబడే ఒక చెంచా తిని, ఇంకో చెంచా తిని, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ కూర్చుందంటే చాలు. నిన్నటి బ్రెడ్డు, పాలు, రెండు గుడ్లు, మగ్గిన అరటిపండు, గుప్పెడు ఎండుద్రాక్ష, ఇంతకు మించి అందులో ఏం లేదు, ఆ మాత్రానికే ఇంట్లో ముగ్గురూ గిన్నె గీకేవాళ్ళు. అది ఎవరి పుడ్డింగు? చెప్పమనండి! ఆ బెంచీ మీద కూర్చుని బూటు లేసుతో ఆడుకుంటున్న ఆ మహాతల్లిని చెప్పమనండి!

చూడదు. ఇటు చూడనే చూడదు. చెయ్యి ఊపాడు, దగ్గాడు, గరిట తీసి గిన్నె అంచు మీద టంగుమనిపించాడు, నలుగురు తల్లులు తలతిప్పారు తప్ప ఆ పిల్ల తల ఎత్తలేదు. వారం నుంచీ అంతే. పుడ్డింగే చేద్దాం అంటే ముఖం వేలాడేసుకుంది. వేరేదేమైనా చెయ్యి నాన్నా, అంది. వేరేది ఎందుకే, పోయినేడు క్లాసులో పంచుకుని తినే రోజున ఇదే కదా పట్టుకెళ్ళావు, పళ్ళెం నాకేసి పంపారు కదా మీ వాళ్ళు, కడగాల్సిన పని కూడా లేకపోయింది నాకు! అవును మరి, ఆ రోజు సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. పన్నెండు ముక్కలు కోసి పంపితే పన్నెండూ చెల్లాయి. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు నాన్నా, అని చెప్పింది తనే. డిపోలో ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్కలేదు, ఫోర్‌మన్‌కైతే మూడుసార్లు, మూడోసారి ఆయన, ఇక ఆపవయ్యా, నువ్వు బస్సులు మానేసి మిఠాయి కొట్టు పెట్టుకో అన్నాడు. అలాంటి పుడ్డింగును వద్దంటుందేమిటి? ఆలోచిస్తే ఆ తర్వాత ఇంట్లో కూడా అది చెయ్యమని ఒక్కసారీ అడగలేదు. పిల్లలకు రుచులు మారతాయి, పోనీలే అనుకున్నాడు. అప్పుడే పసిగట్టాల్సింది, నాన్న వంటంటే నామోషీ మొదలైందని. పెద్దదవుతోంది కదా, పక్కవాళ్ళ ఇళ్ళు చూస్తోంది, అక్కడ నాన్నలు పేపరు చదువుతారు, అమ్మలు వంట చేస్తారు. మన నాన్నేమిటి గరిట పట్టుకుని, అనిపించి ఉంటుంది. అనిపిస్తుంది, అనిపిస్తుంది! ఆరేళ్ళు తిన్న తిండి అరిగిపోయాక ఏమైనా అనిపిస్తుంది. ఇంటికి పోనీ, చెబుతాను. రేపటినుంచి సాయంత్రం వంట అమ్మ చేస్తుంది, ఆసుపత్రిలో రోగులు తమను తాము చూసుకుంటారు, చూద్దాం ఎలా ఉంటుందో. జడ్జి రానీ, ఆవిడ ముందే చెబుతాను, ఈ అట్ట మీద రాసింది తప్పండీ, ఈ చేతులతో చేశానండీ అని, మర్యాదగానే చెబుతాను, కానీ చెబుతాను.

నాలుగున్నర దాటింది. జడ్జి, పిల్లల డాక్టరమ్మట, ఏడో బల్ల దగ్గర వంగి ఏదో రాసుకుంటోంది. పిల్లలు మంచినీళ్ళు తాగి రావచ్చని టీచరమ్మ చప్పట్లు కొట్టింది. పిడుగు లేవలేదు. పన్నెండో బల్లావిడ కూతురు, రెండు జడల పిల్ల, అదే క్లాసు, నీళ్ళ దగ్గరికి వెళ్ళకుండా నేరుగా ఈ బల్ల దగ్గరికే వచ్చి పుడ్డింగు పళ్ళెం మీదికి వంగి వాసన చూసింది, అట్ట చదివింది, కళ్ళు విప్పార్చింది. "అంకుల్, ఈసారి ఆంటీ చేశారా? అయితే మేం కూడా తినొచ్చా?" అతనికి అర్థం కాలేదు. తినొచ్చమ్మా, పోయినేడు తిన్నారు కదా, అన్నాడు. "లేదంకుల్, పోయినేడు మేమెవరం తీసుకోలేదు కదా. అంతకు ముందు రోజే కదా మీరు మా స్కూలు బస్సు కిందకి దూరి బాగుచేశారు, మీ చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి, మేమంతా చూశాం. అది ఆయిల్ చేతుల పుడ్డింగు అన్నారు అందరూ. మీ అమ్మాయే పళ్ళెం తీసుకెళ్ళి మెట్ల మీద కూర్చుని మొత్తం తనే తినేసింది." పక్క బల్లావిడ, "ఏయ్, ఊరుకోవే, ఏంటా మాటలు!" అని పిల్ల రెక్క పట్టుకుని లాగింది. ఆ పిల్లకేం తెలుసు, ఉన్నమాట చెప్పింది. మంచినీళ్ళకు పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

మొత్తం. పన్నెండు ముక్కలూ. ఉన్నట్టుండి తన రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తోచలేదు, బల్ల మీదివి తీసి వెనక్కి పెట్టుకున్నాడు. బస్సు. అవును, బస్సు. కూతురిని తీసుకెళ్ళడానికి వచ్చాడు ఆ రోజు, గేటు దగ్గర స్కూలు బస్సు మొరాయించి నిలబడి ఉంది, డ్రైవరు నెత్తి పట్టుకున్నాడు, నలభై మంది పిల్లలు ఎండలో. ఎవరూ అడగలేదు, అతనే చొక్కా విప్పి కిందకి దూరాడు, అరగంటలో ఇంజన్ గురగుర అంది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆ చేతులు బాగుచేసిన బస్సెక్కి ఇళ్ళకు పోయారు, ఆ చేతులు చేసిన పుడ్డింగు మాత్రం పనికిరాలేదు! ఏం, బస్సు సీటు మీద ఆయిల్ అంటలేదూ? ఇవి మురికి చేతులా? డిపోలో రంపప్పొట్టూ సబ్బు పొడీ వేసి ఒకసారి, ఇంటికొచ్చి పంచదారా నూనే కలిపి చర్మం ఎర్రబడేదాకా ఒకసారి, నిమ్మచెక్కతో మూడోసారి, ఇంత కడిగాక కూడా గోళ్ళ అంచున సన్నటి నల్లగీత మిగిలితే అది మురికి కాదు, ఇరవై రెండేళ్ళ సర్వీసు. అది ఎవరికి చెప్పాలి, ఆ రెండు జడల పిల్లకా, దానికి నేర్పిన పెద్దవాళ్ళకా? కోపంతో చెవులు వేడెక్కాయి, కానీ ఆ కోపం పోయి పోయి మళ్ళీ ఒకచోటే ఆగుతోంది. ఆ సాయంత్రం. పుడ్డింగు పట్టుకెళ్ళిన రోజు సాయంత్రం పిల్లకు కడుపునొప్పి. మెలికలు తిరిగిపోయింది, రాత్రికి సూపు వద్దంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. అతనేం చేశాడు? వేడినీళ్ళు తాగిస్తూ తిట్టాడు. ఏం గడ్డి తిన్నావే, ఇంట్లో ఇంత శుభ్రంగా వండి పెడితే రోడ్డు మీద ఏం కొనుక్కు తిన్నావు, నిజం చెప్పు, అని గదమాయించాడు. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. ఏమీ తినలేదు నాన్నా, అంది. ఇంకోసారి ఇలా బయట తిన్నావంటే చూడు, అన్నాడు. ఆ పక్కనే కుర్చీలో కూర్చుని, నాకేసిన పళ్ళెం తల్చుకుని మురిసిపోయాడు కూడా. ఓరి మూర్ఖుడా! ఇంజన్ చప్పుడు వింటాడట, గిన్నె చప్పుడు వింటాడట. పక్కన పడుకున్న పిల్ల నోరు మూసుకుంటే మాత్రం వినపడలేదు ఈ పెద్దమనిషికి. ఇంటికి పళ్ళెం నిండుగా వస్తే నాన్న ముఖం ఎలా ఉంటుందో అని ఒక్కొక్క ముక్కే మింగింది. ఎన్నో ముక్క దగ్గర వెగటు పుట్టి ఉంటుంది, ఆరా, ఏడా? ఇక మళ్ళీ అదే పుడ్డింగు చేస్తానని తను పంతం పడితే ఏం చేస్తుంది పాపం, మళ్ళీ పన్నెండు ముక్కలు తినలేదు కదా, అందుకని అట్ట రాసింది. పువ్వు బొమ్మ కూడా వేసింది.

డాక్టరమ్మ వచ్చేసింది. తొమ్మిది, పది ఎప్పుడయ్యాయో అతను చూడనే లేదు. చేతిలో చిన్న పళ్ళెం, చెంచా, చంకలో కాగితాల అట్ట, వెనక టీచరమ్మ, చుట్టూ నీళ్ళు తాగొచ్చిన పిల్లలు, పక్క బల్లావిడ మెడ. పిల్లలను బల్ల దగ్గరికి పిలిచే వంతు వచ్చింది, పిడుగు వచ్చి అతనికి జానెడు దూరంలో నిలబడింది, నేల చూస్తోంది. డాక్టరమ్మ సూపు ఒక చెంచా తాగింది, బంగాళాదుంప ముక్క తిన్నది, తల ఊపింది. "ఉప్పు తక్కువ, కూరలెక్కువ, పిల్లలకు ఇలాగే పెట్టాలి. అమ్మగారు చక్కగా చేశారే! ఆవిడ రాలేదా?" గంట నుంచీ కూడబెట్టుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి, ఒక్కొక్కటే వెనక్కి మింగాడు. పక్కింటి కిటికీ పగలగొట్టి బంతి నాది కాదన్నందుకు ఈ పిల్లనే రెక్క పట్టుకుని ఆ ఇంటి గుమ్మందాకా నడిపించి నిజం చెప్పించినవాడు అతను. చేతులు వెనక్కి పెట్టుకుని, గోళ్ళు అరచేతుల్లోకి ముడుచుకుని, అతను డాక్టరమ్మ ముఖంలోకి చూసి అబద్ధమాడాడు.

"రాత్రి డ్యూటీ అండి, నిద్రపోతోంది. అవునండి, అంతా తనే చేసింది. నేను మోసుకొచ్చానంతే."

పిడుగు తల ఎత్తింది. గంటలో మొదటిసారి అతని ముఖం చూసింది, తర్వాత వెనక్కి దాచుకున్న చేతులు చూసింది. ముక్కుపుటాలు అదిరాయి. ఆ అదురు ఎక్కడిదో అతనికి బాగా తెలుసు, రోజూ అద్దంలో చూస్తాడు.

"కాదు! అమ్మ చెయ్యలేదు, నాన్నే చేశాడు. రోజూ నాన్నే చేస్తాడు. అట్ట మీద నేనే తప్పు రాశాను." గొంతు హాలంతా వినపడుతోంది, అవతలి బల్లల వాళ్ళు చెంచాలు ఆపేశారు. "మా నాన్న చేతులు మూడుసార్లు కడుక్కుంటాడు, పంచదారతో కూడా కడుక్కుంటాడు. మీరంతా ఎన్నిసార్లు కడుక్కుంటారు? మీ బస్సు కూడా నాన్నే బాగుచేశాడు. తింటే తినండి, లేకపోతే మానెయ్యండి!"

పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది, అనాలి. అనబోయాడు కూడా, 'పె' అన్న అక్షరం దగ్గరే మాట ఆగిపోయింది. డాక్టరమ్మ చెంచా గాల్లో నిలిచింది. ఆవిడ చూపు అతని చేతుల కోసం వెతుకుతోందని తెలుస్తూనే ఉంది. చూసుకోనీ. వెనకనుంచి రెండు చేతులూ తీసి, నల్లగీతలతో సహా, దీపాల వెలుతురులో తెల్లటి బల్లగుడ్డ మీద ఆనించాడు. తర్వాత కత్తి తీసుకుని పుడ్డింగును తీరిగ్గా, ఇంట్లో కోసినట్టే, పన్నెండు ముక్కలు కోశాడు. డాక్టరమ్మ పళ్ళెంలో ఒకటి పెట్టాడు. ఆవిడ తిన్నదో లేదో, ఎన్ని మార్కులు వేసుకుందో, రెండు జడల పిల్ల చెయ్యి చాపిందో లేదో అతను చూడలేదు. ఈసారి పళ్ళెం నిండుగా ఇంటికొచ్చినా తనకు ఫర్వాలేదు. వంగి, కూతురికి ఒక్కదానికే వినపడేలా అడిగాడు.

"నీకు పెట్టనా తల్లీ?"

పిల్ల ముక్కు ఎగబీల్చుకుని, పళ్ళెం వైపు కాసేపు చూసి, బేరం ఆడుతున్నదానిలా ఒక వేలు పైకెత్తింది.

"ఒక్కటే పెట్టు నాన్నా. ఎక్కువైతే కడుపునొప్పి వస్తుంది."